వెసులుబాటు కమిటీ

"ఒక్కరంటే ఒక్కరు కూడా చేరలేదా?" వైస్ ఛాన్సలర్ బల్ల గుద్దాడు.

"లేదు సార్. ఇందులో ఏదో కుట్ర ఉంది," అన్నాడు డీన్.

ఉద్యోగం మానకుండానే టీచర్లు మాస్టర్స్ డిగ్రీ చదువుకునే కోర్సు అది. పేరులోనే వెసులుబాటు ఉంది. ఆ మాటకు అర్థం తేల్చడానికి కమిటీ మూడు సదస్సులు పెట్టింది. అర్థం తేలింది, కోర్సు మునిగింది. సాయంత్రం ఆరింటికని అందరూ ఒప్పుకున్న క్లాసులు ప్రకటనలో పొద్దున పదింటికి మారిపోయాయి.

"పదింటికి టీచర్లకు ఏం పని?" అడిగాడు ప్రొఫెసర్, నిజంగానే తెలియక. బడి చదువుల మీద ఆయన నాలుగు పుస్తకాలు రాశాడు.

"మీరు ఆఖరిసారి బడికి ఎప్పుడు వెళ్లారు?"

"పదో తరగతి పరీక్షకి సార్."

వైస్ ఛాన్సలర్ తల పట్టుకున్నాడు. "టైమ్ మార్చిందెవరో తేలేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు."

డీన్ వేలు తలుపు వైపు తిరిగింది. అక్కడ టైంటేబుల్ గుమస్తా గోడకు అతుక్కుపోయి నిలబడి ఉన్నాడు.

"టైప్ చేసింది ఇతనే."

"నాకు చెప్పారు సార్... పైనుంచి."

"పైనుంచంటే?"

గుమస్తా పైకి చూశాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది.

"ఫ్యాన్ చెప్పిందా?"

పేరు చెబితే గుమస్తా ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోయినా ఊడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డీన్ జేబులోంచి సస్పెన్షన్ ఉత్తర్వు తీశాడు. "మీ సంతకం ఒక్కటే తక్కువ సార్."

"అప్పుడే తయారైందా?"

"అన్యాయం చూస్తే నేను ఆగలేను సార్."

"నేనొక మాట అడగొచ్చా?"

బల్ల చివర కూర్చున్నావిడ గొంతు అది. టీచర్ల సంఘం పంపిన ప్రతినిధి. ఎవరొస్తారో డీన్‌కు ముందుగా తెలియదు. ఆవిడ గుమ్మంలో కనిపించగానే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అప్పటినుంచి అటు చూడనేలేదు.

"టీచరుగారికి బడి టైమవుతోందేమో," అన్నాడు కాగితాలు సర్దుతూ.

"సెలవు పెట్టాను సార్. ఇతన్ని తీసేస్తే క్లాసులు సాయంత్రానికి మారుస్తారా?"

"ఈ క్షణమే మార్చేస్తాను! మీకు కావలసింది అదేగా? హాయిగా వచ్చి చదువుకోండి." డీన్ గొంతులో ఉన్నట్టుండి తేనె ఊరింది.

ఆవిడ గుమస్తా వైపు చూసింది. రెండేళ్లుగా ఎదురు చూస్తున్న చదువు. ఈ డిగ్రీ ఉంటేనే ఆవిడకు హెడ్మిస్ట్రెస్ పోస్టు. నోరు మూసుకుంటే చాలు, సీటు వచ్చి ఒళ్లో పడుతుంది.

గుమస్తా కళ్లు తుడుచుకుంటున్నాడు.

"సంతకం పెట్టకండి సార్," అంది వైస్ ఛాన్సలర్‌తో. "ఇతనిది తప్పు కాదు. టైమ్ మార్చమని ఇతనికి ఫోన్ చేసి చెబుతుంటే నేను విన్నాను."

డీన్ చేతిలో ఉత్తర్వు రెపరెపలాడింది. పైన ఫ్యాన్ ఉంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

"విన్నారా? ఎక్కడినుంచి?"

"వంటింట్లోంచి."

"ఎవరి వంటింట్లోంచమ్మా?" ప్రొఫెసర్ ముందుకు వంగాడు. పుస్తకాల్లో లేని సంగతి ఆయన వినడం అదే మొదలు.

"ఈవిడ మాటలు రికార్డులో..." అంటూ డీన్ లేవబోయాడు.

"కూర్చోండి," అన్నాడు వైస్ ఛాన్సలర్. "చెప్పమ్మా. ఫోన్ చేసిందెవరు?"

ఆవిడ మొదటిసారి డీన్ వైపు తిరిగింది.

"నేను సాయంత్రం చదువుకుంటే రాత్రికి వంటెవరు చేస్తారని మీరేగా మార్పించారు, ఏమండీ?"