చివరి మలుపులో బేరం

పందెం కార్ల వృత్తిలోకి దిగిననాడు నా దగ్గరున్నవి గుంటూరు మిర్చి యార్డులో పదేళ్లు బేరమాడిన అనుభవం, స్టీరింగు పట్టడం ఇంకా మరిచిపోని పాత లారీ డ్రైవరు సుభానీ బాబాయి. అప్పటికే బళ్లన్నీ వాటంతటవే నడుస్తున్నాయి. మనిషి నడపడానికి అనుమతి పందేల్లో మాత్రమే. పద్నాలుగేళ్లకు అదీ ప్రమాదంలో పడింది. ఈసారి కూడా ఏ మనిషీ యంత్రాన్ని దాటకపోతే మా లైసెన్సులన్నీ రద్దు చేస్తామన్నారు అధికారులు.

చివరి చుట్టుకు మనుషుల్లో నేనొక్కదాన్నే మిగిలాను. ముందున్న యంత్రం కారు నేను ఎటు జరిగితే అటే జరిగి దారి మూసేస్తోంది.

"నీ ఆత్రం చూసి రేటు పెంచుతోందే అమ్మాయ్!" హెల్మెట్‌లోని రేడియోలో సుభానీ బాబాయి అరిచాడు.

"అయితే సరుకొద్దని పక్కకెళ్లిపోతా బాబాయ్!"

"వెళ్లు! మరీ దూరం పోమాక, యార్డు మూసేస్తారు!"

నచ్చిన మిర్చి బస్తా ముందు మొహం చిట్లించి పక్కకు నడిచినట్టే, వేగం తగ్గించి పక్కకు తప్పుకున్నాను. నేను ఓడిపోయానని లెక్కవేసుకున్న యంత్రం, టైర్లు అరగకుండా మలుపును వెడల్పుగా తిరిగింది. లోపలి వైపు ఒక కారు పట్టేంత సందు! ఉన్న బరువంతా పెడల్ మీద వేశాను. ముగింపు గీత దాటేసరికి నేను జానెడు ముందున్నాను.

"కొట్టావే అమ్మాయ్!" బాబాయి నవ్వుతూ ఏడుస్తున్నాడు.

ఈ వృత్తిలో నాకు పోయినవి రెండు పక్కటెముకలు, ఎడమ చెవి వినికిడి. వచ్చింది జానెడు. ఆ జానెడులోనే వచ్చే ఏడు పందేనికి నలభైమంది డ్రైవర్లకు చోటు దొరికింది.