ఐదు రోజుల తేడా

జగదీశ్వరి సంచీ సర్దుతోంది. సర్దడం కాదు, కుక్కుతోంది. రెండు జెర్సీలు, పెడలుకి బిగుసుకునే బూట్లు, హెల్మెట్టు, గుడ్డ చుట్టిన సున్నుండల డబ్బా. ఒక్కో వస్తువూ సంచీలో పడుతుంటే మంచం కిర్రుమంటోంది.

"పేరు తీసేశారు మామ్మా! ఇంకెక్కడికని సర్దుతున్నావు?" అంది కౌముది. నిన్నటి నుంచీ ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్ళు ఉబ్బిపోయాయి.

"నోర్ముయ్యే! మజ్జానం బండికి ఎలతన్నావు."

ఆ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా సంచీ సర్దేది కోడలు గౌరి. ముసలావిడ ఏళ్ళ తరబడి ఎవరి సంచీ ముట్టుకోలేదు. ఈవేళ గౌరి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

కౌముది తొక్కేది మామూలు సైకిలు కాదు. దానికి బ్రేకులుండవు. గిన్నె అంచులా ఏటవాలుగా లేచిన ట్రాకు మీద, పడకుండా, ఆగకుండా తొక్కాలి. సాలూరులో లారీ స్పేర్ పార్టులమ్మే కాశీవిశ్వనాథం కూతురు హైదరాబాదు ట్రాకు మీద పెద్దవాళ్ళందరినీ దాటేసింది. ఆసియా జూనియర్ క్రీడలకి కావలసిన టైము కొట్టింది. జట్టులో పేరొచ్చింది. నిన్న ఆ పేరు పోయింది.

వరండాలో కోచ్ మురళీమోహన్ ఆ సంగతే చెబుతున్నాడు.

"టైము కొట్టింది ఓపెన్ పోటీల్లో సార్, అక్కడ వయసు అడగరు. ఇది జూనియర్. ఈ ఏడాది జూనియర్ అంటే రెండువేల ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో పుట్టుండాలి. పాప సర్టిఫికెట్లో 27-12-2007 అని ఉంది. ఐదంటే ఐదు రోజులు! ఐదు రోజులు ఆగి పుట్టుంటే సరిపోయేది."

విశ్వనాథం నేల చూస్తూ కూర్చున్నాడు.

"పైగా చూడండి సార్, ఎక్స్‌రే తీసి పదిహేడేళ్ళ ఎముకలని డాక్టరు రాసిచ్చాడు. ఎముకలు కాదు, కాగితం చూస్తామన్నారు."

జగదీశ్వరి విసురుగా బయటికొచ్చింది. బడి మొహం చూడకుండా అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి ఆవిడ. మనవరాలు సైకిలెక్కిన నాటి నుంచీ పేపర్లో ముందు ఆటల పేజీయే తీస్తుంది.

"ఏటీ నాయం మాస్టారూ? ఒంట్లో ఉన్న ఎముక అబద్దమాడతాదా? రబ్బరు ముద్దర కొట్టిన కాగితం నిజం సెబుతాదా?"

"రూలు మామ్మగారూ."

"మీ రూలు మండిపోనూ! ఈ పిల్ల పుట్టింది శ్రావణంలో. వానలో రిక్షా దొరక్క గొడుగట్టుకుని దీనమ్మని నడిపించుకెళ్ళింది నేను. డిసెంబరంట, డిసెంబరు!"

"అమ్మా, నువ్వు లోపలికెల్లు," అన్నాడు విశ్వనాథం.

మురళీమోహన్ నవ్వాడు. "మాదీ అంతే సార్. ఇంట్లో ఒక తేదీ, బళ్ళో ఒక తేదీ. మా హెడ్మాస్టరు క్లాసు క్లాసంతటికీ జూన్ ఒకటే వేశాడు."

"హెడ్మాస్టరు కాదు, సేసింది నేను! నాలుగేళ్ళు నిండని పిల్లని తొందరపడి బళ్ళో ఎయ్యాలని, ఇంట్లో ఉన్న కాగితం అట్టుకెళ్ళి ఇచ్చింది నేను. నా సేతులిరిగిపోనూ!"

మురళీమోహన్ గడియారం చూసుకున్నాడు. "సాయంత్రం అయిదింటి వరకూ గడువుంది. ఇంకేదైనా కాగితం ఉంటే..."

ఆవిడ బొడ్లోంచి పాత కవరు తీసింది.

"అమ్మా, వద్దు."

"పదిహేడేళ్ళుగా వద్దంటన్నావు, ఊరుకున్నాను. ఇంకూరుకోను. అంత ఇదిగా తొక్కే పిల్ల కాళ్ళు కట్టేసి కూకుంటావేటిరా?"

ఆవిడ కోడలి వైపు చూసింది. గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సరేనన్నట్టు తలూపింది.

మురళీమోహన్ కవరులో పైనున్న కాగితం విప్పాడు. ఆస్పత్రి చీటీ. తల్లి పేరు గౌరి. ఆడపిల్ల. 14-8-2009.

అతను కుర్చీలోంచి లేచాడు. మొహం వెలిగింది. మరుక్షణమే మాడిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారు మామ్మగారూ? ఇప్పుడిది పంపితే దొంగ కాగితమంటారు. ఒక్క పిల్లకి రెండు పుట్టినరోజులేంటని నన్ను నిలదీస్తారు. ఈ రెంటిలో అబద్ధం ఏదో చెప్పండి."

"రెండూ నిజమే."

"అదెలా కుదురుతుందండీ? గౌరిగారి కూతురు కౌముది పుట్టింది డిసెంబరులోనా, ఆగస్టులోనా?"

"రెండూ నిజమేనని సెబుతన్నాను కదా! సెవుడేటి నీకు?"

కౌముదికి నవ్వొచ్చింది. నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

జగదీశ్వరి కవరులోంచి రెండో కాగితం లాగింది. మడతల దగ్గర చిరుగులు పట్టిన కాగితం. దాన్ని అతని చేతిలో కొట్టినట్టుగా పెట్టింది.

"ఇదీ పంపు. అప్పుడెవడు దొంగదంటాడో సూస్తాను."

మురళీమోహన్ చదివాడు. మళ్ళీ చదివాడు. మంచం మీది సంచీ వైపు, దాని పక్కన నిలబడ్డ పిల్ల వైపు చూసి, మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

డిసెంబరు ఇరవై ఏడున పుట్టిన కౌముది, ఈ కౌముదికి అక్క, మామ్మ సర్దిన సంచీతో 2008 నవంబరు 19న విశాఖ ఆస్పత్రికి వెళ్ళి, తిరిగి రాలేదు.