టెస్ట్ కస్టమర్

"రన్ కొట్టన్నా, ఇంకా ఏంది చూస్తన్నావ్?" అంది కౌంటర్లో కూర్చునే భార్గవి.

ఐజాజ్ వేలు మౌసు మీదే ఆగిపోయింది. గురజాలలోని ఈ ట్రాక్టర్ల షోరూముకి యాప్ తయారుచేసింది అతనే. మూడేళ్లుగా సర్వీసుకు రాని కస్టమర్లను తీసెయ్యమని ఓనరు కబురు పెడితే నరసరావుపేట నుంచి వచ్చాడు. యాప్‌లోనే వాళ్లను తీసేసే స్క్రిప్టు రాశాడు. రన్ నొక్కితే నాలుగు వందల పేర్లు ఒక్కసారే పోతాయి.

అతని చూపు ఆ జాబితాలో ఆఖరి పేరు దగ్గరుంది: టెస్ట్ కస్టమర్.

"ఈయన్ని మాత్రం తియ్యబాకన్నా." భార్గవి తెర మీదికి వంగింది. "యాప్ నుంచి పుట్టినరోజు మెసేజ్ అందరికీ పోద్ది. 'థాంక్సండీ' అని తిరిగి పెట్టేది ఈయనొక్కడే. అదేం పేరో గానీ, చానా మర్యాదస్తుడు!"

"మనిషెవరూ లేరమ్మా. మెసేజ్ పోతుందో లేదో చూడ్డానికి నేనే పెట్టిన ఉత్తుత్తి పేరు."

"ఉత్తుత్తి మనిషి థాంక్స్ చెప్తాడా? ఉండు, అడుగుతా."

వద్దనేలోపే షాపు ఫోనులో ఆ పేరు పక్కనున్న నంబరు నొక్కింది.

ఐజాజ్ చొక్కా జేబులో ఫోను మోగింది.

అతను తల ఎత్తలేదు. పుట్టినరోజుకు తనకొచ్చే ఒకే ఒక్క మెసేజ్ తన యాప్ పంపేదేనని ఇంకొకరికి తెలిసిపోయింది.

భార్గవి మెల్లగా ఫోను కట్ చేసింది. తెర మీద పుట్టిన తేదీ చూసింది. రేపే.

"ఎత్తట్లేదన్నా. ఆ పేరొక్కటి వదిలేసి రన్ కొట్టు," అంది. "రేపు ఆయనకి మాత్రం యాప్‌తో మెసేజ్ పంపబాక. నేను టైప్ చేస్తాలే."