ఆడని డిస్కు

"ఇదీ ఆడలేదు," అంటూ ఆమె డిస్కును బల్ల మీద పెట్టింది.

మెకానిక్ దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత లేదు, మరక లేదు. అద్దంలా మెరుస్తోంది.

"ఇక్కడ ఆడిందే. నీ ఎదురుగానే చూశాం కదా."

"ఇక్కడ ఆడితే నాకేం ఒరిగింది? మా ఇంట్లో ఆడాలి."

"అసలేమంటోంది?"

"ఏమంటుంది? నోరు మెదపదు. మీలాగే."

అతను డిస్కును చొక్కా అంచుతో తుడవసాగాడు.

వానలు మొదలవక ముందే ఆమె పిల్లను తీసుకుని వేరుపడింది. పెద్ద గొడవలేం జరగలేదు. అతను మాట్లాడడు, ఆమె ప్రతిదానికీ వంక పెడుతుంది, అంతే. గోడతో కాపురం నావల్ల కాదని ఆమె, ఏం చేసినా తప్పేనని అతను లోలోపల అనుకుంటూ ఉండగానే ఇల్లు రెండైపోయింది. వెళ్లేటప్పుడు ఆమె మంచం అడగలేదు, గిన్నె అడగలేదు. పిల్ల పాకడం, పడడం, పళ్లులేని నోటితో నవ్వడం, ఆ వీడియోలన్నీ ఇంట్లోని పాత కంప్యూటర్లో ఉన్నాయి. వాటిని డిస్కులో వేసి ఇమ్మంది.

"అదొక్కటి చేతికిచ్చేస్తే ఇక మీతో నాకు పనుండదు. వకీలు దగ్గరికెళ్లి సంతకాలు పెట్టేద్దాం," అంది.

ఆ సంతకం పెట్టడం అతనికి ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పడం చేతకాదు. అడిగిన పని ఎగ్గొట్టడం అంతకన్నా చేతకాదు.

ఆమె వెళ్లాక మెట్లు దిగి కిందనున్న నెట్ సెంటర్‌కి వెళ్లాడు. అది నడిపే పెద్దాయనను వీధి వీధంతా బాబాయ్ అంటుంది.

"బాబాయ్, డిస్కు బర్న్ చేసే సాఫ్ట్‌వేర్ ఇంకేదన్నా ఉందా? ఊరికే దొరికేది."

"మళ్లీనా! మొదటిదానికేం రోగం?"

"కొన్నాళ్లు బాగానే చేసింది. తర్వాత డబ్బు కడితేగానీ కదలనంది."

"రెండోది?"

"ఒంటరిగా రాలేదు, చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చింది. ఇప్పుడు కంప్యూటర్ తెరిస్తే పేకాట ఆడమని పిలుస్తోంది."

"మరి నేను చెప్పింది బంగారంలాంటిది కదరా!"

"బంగారమే. అక్కడ ఆడలేదట."

"ఈ గోలంతా ఎందుకు, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చెయ్."

"డిస్కే కావాలంది."

"పోనీ పట్రా, ఇక్కడ నేను చేసిస్తా."

"మన పిల్ల వీడియోలు పరాయివాళ్ల చేతిలో పెట్టొద్దంది."

బాబాయ్ కళ్లజోడు పైకెత్తి అతని మొహంలోకి చూశాడు. "నేను పరాయివాణ్ణా! సర్లే. ఇంకొకటుంది, పేరు చెప్తా, దింపుకో. వేగం బాగా తగ్గించు. చివర్లో 'డిస్కు మూసెయ్యనా' అని అడుగుతుంది, ఊఁ అను. మూసెయ్యకపోతే వేరే మిషన్లు చదవవు."

మెకానిక్ పైకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పేజీ నిండా పచ్చటి బటన్లు. అన్నింటి మీదా 'ఉచితం' అనే ఉంది. ఏది నిజమైనదో, ఏది మళ్లీ చుట్టాల్ని దింపుతుందో తెలియదు. లారీ ఇంజనైతే చెవి ఆనించి ఎక్కడ వదులైందో చెప్పేవాడు. ఇక్కడ చెవి దేనికి ఆనించాలి? మౌసు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరికి కళ్లు మూసుకున్నంత పని చేసి నొక్కాడు.

ఆదివారం ఆమె వచ్చేసరికి డిస్కు తిరుగుతోంది. తెర మీద నీలం గీత నత్తలా పాకుతోంది.

"ఇంత నెమ్మదా?"

"నెమ్మదిగా అయితేనే గట్టిగా పడుతుందట."

ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. అయ్యాక ఆడించి చూశారు. తెర మీద పిల్ల రెండడుగులు వేసి కూలబడింది. వెనకనుంచి అతని గొంతే, "లే, తల్లీ! లే, నా పిచ్చుకా! నాన్న దగ్గరికి రా!" అని ఒకటే కేకలు.

"అప్పట్లో మాటలొచ్చేవి మీకు," అందామె.

ఈలోగా వీడియో అయిపోయింది. డిస్కు తీసి చేతిలో పెట్టాడు.

"పైన పేరు రాయరూ?"

రాశాడు.

"వంకరగా ఉంది," అని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆడుతుంది, ఈసారి తప్పకుండా ఆడుతుంది. ఆడిందంటే ఇక ఆమె ఈ మెట్లెక్కదు. ఆ వారమంతా అతనికి పానా చేతిలోంచి జారుతూనే ఉంది.

మళ్లీ ఆదివారం ఆమె వచ్చింది. "బొమ్మ వస్తోంది. మాట రావట్లేదు."

"నీ మిషన్‌లోనే లోపముంది. పట్రా, చూస్తాను."

"అంత బరువు మోసుకు రమ్మంటారా?"

"నేనే వస్తా."

"వద్దు," అంది చప్పున. "ఇల్లంతా చిందరవందరగా ఉంది. మీరు ఇంకో సాఫ్ట్‌వేర్ చూడండి."

గుమ్మం తొక్కడం కూడా ఇష్టం లేదన్నమాట, అనుకున్నాడు. ఇంకో సాఫ్ట్‌వేర్ వెతికే ఓపిక అతనికి లేదు. తెంచేదేదో తన చేతులతోనే తెంచుకుంటే సరి. మర్నాడు సాయంత్రం షెడ్డు నుంచి సరాసరి స్క్రూడ్రైవర్లు, కొత్త డిస్కు జేబులో వేసుకుని ఆమె ఉండే వీధికి నడిచాడు. తలుపు కొట్టాడు.

పిల్ల తలుపు తీసింది. "నాన్నా! అమ్మ ఇంకా కుట్టు షాపు నుంచి రాలేదు."

"పర్లేదమ్మా. అమ్మ వచ్చేలోపు బాగుచేసి వెళ్లిపోతా. డిస్కు ఆడించే మిషను ఎక్కడుంది?"

పిల్ల వెనక్కి తిరిగి గది చూసింది. పొయ్యి, కుట్టుమిషను, చుట్టిపెట్టిన పరుపు. మళ్లీ అతని వైపు తిరిగి వింతగా చూసింది.

"మా ఇంట్లో అదెక్కడిది, నాన్నా?"