పన్నెండు సూదుల తర్వాత

"ఇది దొంగ కాగితం," అన్నాడు తావో, ఆసుపత్రి వరండాలో పదిమందీ తిరిగి చూసేలా.

"మెల్లగా నాన్నా! క్యాన్సర్ లేదని ఇంత లావు అక్షరాల్లో ఉంటే!" అంది కూతురు యున్, నవ్వుతూ.

ఆ నవ్వుకే తావో అనుమానం రెట్టింపైంది. అన్నయ్యకీ ఇలాగే నవ్వుతూ, కడుపులో పుండేనని చెప్పారు. చైనాలో, అందులోనూ చెంగ్డూలో, రివాజే అంత. చెడ్డ కబురు రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అన్నయ్యకి చూపించడానికి దొంగ కాగితం రాయించి తెచ్చింది సాక్షాత్తూ తావోనే. అలాంటి వాడి దగ్గరా ఈ నాటకాలు!

నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లి నిలదీశాడు.

"రక్తంలో పీఎస్‌ఏ ఎక్కువుంది, నిజమే. ప్రోస్టేటు గ్రంథి వాచింది మరి, అందుకే. స్కానింగులో మచ్చ కనబడితే, పన్నెండు చోట్ల సూదితో ముక్కలు తీసి చూశాం. ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు పెద్దాయనా," అన్నాడు డాక్టరు.

'పాఠం బాగానే అప్పజెప్పాడు' అనుకున్నాడు తావో.

బస్సులో కూర్చున్నా అన్నయ్యే గుర్తొచ్చాడు. ఆయనకి నిజం తెలిసింది ఏ డాక్టరు వల్లా కాదు. ముప్పై ఏళ్లు సిగరెట్టు ముట్టనివ్వని వదిన, ఓ రోజు తనే వెలిగించి చేతికిచ్చింది. "నా పని అయిపోయిందిరా తమ్ముడూ," అన్నాడాయన, మొదటి దమ్ము వదలకముందే.

ఇంటికెళ్లేసరికి భార్య గుయ్‌లాన్ ఊరగాయ జాడీలో ముల్లంగి ముక్కలు వేస్తోంది. యున్ ఆమె చెవిలో ఏదో చెప్పింది. గుయ్‌లాన్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఇక దాగుడుమూతలు చాలు, తేల్చేసుకోవాల్సిందే.

"గుయ్‌లాన్, ఆ జొన్నసారా సీసా ఇలా తే. ఒక్క గుక్క తాగుతా."

పదకొండేళ్లుగా సారా బీరువా తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. 'తిట్టవే, ఒక్క తిట్టు తిట్టవే' అని లోపల్లోపల మొక్కుకున్నాడు.

గుయ్‌లాన్ పల్లెత్తు మాట అనలేదు. బీరువా తెరిచింది. సీసా తెచ్చింది. మూత తీసింది. ఆమె కళ్లింకా తడిగానే ఉన్నాయి. తావోకి పైప్రాణాలు పైనే పోయాయి. గిన్నె ముందుకు చాపాడు.

ఆమె ఆ గిన్నెని దాటుకుని వెళ్లి, సారా గడగడా ఊరగాయ జాడీలో ఒంపేసింది.

"సూదిపోట్లు మానకముందే మందు కావాల్సొచ్చిందా ముసలాడా? ఇది జాడీకి బూజు పట్టకుండా దాచింది, నీ గొంతులో పొయ్యడానిక్కాదు! కూర్చున్నది చాల్లే, లేచి వెల్లుల్లి ఒలువు!"

తావో ఒక్క గంతులో కిటికీ దగ్గరికి చేరాడు. కింద మాజాంగ్ ఆడుకుంటున్న వాళ్లందరికీ వినబడేలా అరిచాడు.

"నాకు క్యాన్సర్ లేదర్రోయ్! మా ఆవిడ తిట్టింది!"