వెనక సీటులో నీళ్లు

గీత కారులోని మ్యాటును బయటికి లాగి, రెండు చేతులా మెలిపెట్టి పిండింది. మట్టినీళ్లు గణేష్ చెప్పుల మీద పడ్డాయి.

"రాత్రి పడ్డ వానకే ఇలా ఉంది. ముసురు పట్టిందంటే ఏం చెయ్యాలి?" అంది.

గణేష్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

అది అతని తండ్రి లక్ష్మయ్య కొన్న తెల్ల అంబాసిడర్. సూర్యాపేటలో వాళ్ల ఇంటి ముందు, పైన ఏ నీడా లేకుండా నిలబడి ఉంటుంది. లక్ష్మయ్య పోయాక కూడా గణేష్ దాన్ని అమ్మలేదు. సెలవు వస్తే చాలు, పాలిష్ పెడుతూ కూర్చుంటాడు. దారిన పోయేవాళ్లు ఆగి దాని పక్కన ఫొటోలు దిగుతారు. వాన పడితే మాత్రం లోపలికి నీళ్లొస్తాయి. సీటు నానుతుంది. కార్పెట్ ముక్కవాసన కొడుతుంది.

గీత మొదట అడిగింది వేరే. ఆ మాట అమ్మ దగ్గర ఎత్తనన్నాడు గణేష్. అయితే కనీసం నీళ్లన్నా ఆపించమంది.

సూర్యాపేట మెకానిక్ నాలుగు డోర్ల రబ్బర్లూ మార్చాడు. నీళ్లు డోర్లలోంచి రావడం లేదని గీత అక్కడే చెప్పింది. "నీకేం ఎరుక? నువ్వెన్నడన్న బండి నడిపినవా?" అన్నాడు గణేష్, నలుగురి ముందు. తర్వాతి వానకు సీటు మళ్లీ తడిసింది.

కోదాడలో ఇంకో మెకానిక్ ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశాడు. నీళ్లు ముందు అద్దం నుంచి కూడా కాదని గీత ఫోన్ చేసి మరీ చెప్పింది. మాట పూర్తి కాకుండానే గణేష్ ఫోన్ పెట్టేశాడు. ఆ వానకూ సీటు తడిసింది.

మ్యాటు పిండిన ఆ పొద్దున గీత వాకిట్లో నిలబడి, వీధి వీధంతా వినేలా అంది.

"ఇంకొక్క చుక్క పడిందంటే నేను మా కోదాడ బస్సెక్కుతా. మళ్లీ రాను."

వరండాలో బియ్యం ఏరుతున్న అత్తగారు వెంకటనర్సమ్మ తల ఎత్తలేదు. "జరన్ని నీళ్లకే గింత లొల్లా? మా కాలంల గిట్ల మెత్తటి సీట్లు ఉండెనా?" అంది చేటతో.

ఎదురింటి వాళ్లు గేటు దాకా వచ్చారు. గణేష్ మొహం ఎర్రబడింది. భార్య దగ్గరికొచ్చి పళ్ల మధ్య నుంచి చెప్పాడు. "సుక్క పడకుండ చేపిస్త. కానీ ఇగ ఈ లొల్లి ఖతం. మళ్లెన్నడు ఎత్తొద్దు. ఒప్పుకుంటవా?"

గీత మ్యాటును గోడ మీద ఆరేసింది. తర్వాత సరేనంది.

మిర్యాలగూడలో జానయ్య అనే మెకానిక్ ఉన్నాడు. రైసుమిల్లుల వాళ్ల పాత అంబాసిడర్లన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. ఈసారి గీత కూడా వెంట వెళ్లింది.

నీళ్లు ఎప్పుడొస్తాయని జానయ్య అడిగాడు. వాన పడితే వస్తాయన్నాడు గణేష్.

"జల్లుకు రావు," అంది గీత. "పడమర నుంచి కొట్టే వానకే వస్తాయి. మొదట పైకప్పు లైనింగ్ లోపల చిన్న చప్పుడవుతుంది. కాసేపటికి వెనక సీటు ఎడమ మూల బొట్లు పడతాయి. మ్యాటు నానేది చివర్న."

జానయ్య చేతిలో స్పానర్ ఆగింది. "ఇంత సక్కగ డ్రైవర్లు గూడ చెప్పరమ్మా," అన్నాడు.

ఆయన నీళ్ల పైపు తగిలించి, ఒకరు లోపల ఉండి చూడాలన్నాడు. గణేష్ డోరు మీద చెయ్యి వేశాడు. గీత ఆ చెయ్యి పక్కకు నెట్టి తనే ఎక్కింది. వెనక సీటు మీద మోకాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడుకుంది.

"కూర్చుంటే కనపడదు," అంది.

పైపు ముందు నుంచి వెనక్కి జరుగుతూ వచ్చింది. వెనక అద్దం దగ్గరికి రాగానే గీత లోపలి నుంచి అద్దాన్ని గట్టిగా కొట్టింది.

జానయ్య అద్దం ఊడదీశాడు. పై మూలన రబ్బరు కింద రేకు తుప్పుపట్టి వేలు దూరేంత బొక్క పడింది. నీళ్లు అక్కడ దూరి, లైనింగ్ మీదుగా పాకి, సీటు మీదికి దిగుతున్నాయి. ఆయన తుప్పు గీకి, అతుకు వేసి, రంగు కొట్టి, కొత్త రబ్బరు బిగించాడు. మళ్లీ పైపు పెట్టాడు. గీత మళ్లీ పడుకుని చూసింది. ఏమీ రాలేదు.

"ఎంత చేసినా పాత బండి సారూ," అన్నాడు జానయ్య చేతులు తుడుచుకుంటూ. "జర షెడ్డేపియ్యరాదుండ్రి."

"షెడ్డెందుకు? ఇల్లు లేదా?" అంది గీత.

జానయ్య పగలబడి నవ్వాడు. గణేష్ నవ్వలేదు.

కొన్నాళ్లకు పడమర నుంచే వాన పట్టుకుంది. మధ్యాహ్నం నుంచి ఎడతెరిపి లేకుండా కొట్టింది. వీధి కాలువైంది. చీకటి పడుతుండగా గణేష్ గొడుగేసుకుని వెళ్లి కారు తెరిచాడు. సీటంతా అరచేత్తో నొక్కాడు. లైనింగ్ తడిమాడు. మ్యాటు ఎత్తి చూశాడు. పొడి చెయ్యి పైకెత్తి తల్లికి చూపించాడు.

"ఇంకేంది," అంది వెంకటనర్సమ్మ. "ఇగ నీ పెండ్లానికి నోరు లేదు."

గీత వరండా చివర నిలబడి ఉంది. జల్లు పాదాల మీద పడుతోంది.

"ఒక్క సుక్క లేదు సూడు," అన్నాడు గణేష్. "మాట యాదికుంది కదా?"

గీత పళ్లు బిగించి తల ఊపింది.

అతను గర్వంగా వెనక డోరు తెరిచి పట్టుకుంటే, అత్తగారు తనకు తగలకుండా దూరం నుంచి నెట్టిన చాపా కంచం గ్లాసూ ఎత్తుకుని, పొద్దున్నే నెలసరి వచ్చిన గీత, ఇంట్లోకి రాకూడని రోజుల్లో ప్రతి నెలా పడుకునే ఆ సీటులోకి ఎక్కింది.