తలుపుకో కన్ను

"ముక్కూ మొహం తెలియని మనిషిని తెచ్చి సోఫాలో కూర్చోబెడతారా అత్తయ్యా?"

పరుపులమ్మే అతను అప్పుడే మెట్లు దిగి వెళ్ళాడు. కోడలు స్నానం చేసి వచ్చేసరికి అతను హాల్లో కాలు మీద కాలేసుకుని, ఇంట్లో ఎంతమంది ఉంటారు, మగవాళ్ళు ఎన్నింటికి వస్తారు అని ఆరా తీస్తున్నాడు. అత్తగారు ఒక్కటీ దాచకుండా పూసగుచ్చినట్టు చెబుతోంది.

"బెల్లు కొడితే తలుపు తీయక ఏం చేస్తారు? పాపం, ఎండన పడి వచ్చాడు."

"బయట ఎవరున్నారో ముందు చూడాలి కదా!"

"తలుపు తీయకుండా చూడ్డానికి నావేమన్నా ఎక్స్‌రే కళ్ళా?"

ఆ మాటా నిజమే. కోడలు సొరుగులోంచి తలుపుకి బిగించే కన్ను బయటికి తీసింది. వేలెడంత గొట్టం, దానికో గాజు. తెచ్చి నెల దాటినా ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. భర్తకి ఫోన్ చేసింది.

"ఏవండీ, తలుపుకి కన్ను ఇవాళ నేనే పెట్టేస్తున్నా."

"నువ్వా? టేకు తలుపే అది! ఆదివారం వడ్రంగి వస్తాడు, ఆగు."

"ఈలోపు దొంగ వస్తే వాణ్ని కూడా ఆదివారమే రమ్మననా?"

అవతల గొణుగుడు వినిపిస్తుండగానే ఫోన్ పెట్టేసింది. ఆయన మోజుపడి కొని అటకెక్కించిన డ్రిల్లు మిషను కిందికి దిగింది.

మొదటి తగువు ఎత్తు దగ్గర వచ్చింది. కోడలు తన కంటికి సరిగ్గా పెన్సిలుతో గుర్తు పెట్టబోతే అత్తగారు మునివేళ్ళ మీద లేచి చూసి, "నేను రోజూ పీట వేసుకుని చూడాలా?" అంది.

"సరే, మీ ఎత్తుకే పెడతాను. నేనే వంగుతాను."

"కోడలన్నాక ఆమాత్రం వంగితే తప్పేం లేదులే."

కోడలు నవ్వుకుంటూనే గుర్తు మీద మేకు మొనతో చిన్న గుంట చేసింది. అలా చేస్తే డ్రిల్లు జారదు. మెల్లగా లోపలికి పోనిచ్చి, అవతల మొన కనబడగానే ఆపి, బయటికి వెళ్ళి అటువైపు నుంచి మిగతాది తొలిచింది. చెక్క ఎక్కడా పెచ్చు లేవలేదు. చెక్క పొట్టు రాలి అత్తగారి పచ్చచీర కుచ్చిళ్ళ మీద పడింది. ఆవిడ దులుపుకోవడం కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది.

ఇక గొట్టం. అది రెండు ముక్కలు. ఒకదానికి ఉబ్బెత్తు గాజు, రెండోదానికి పక్కకి జరిగే చిన్న మూత. ఏది ఎటు పెట్టాలో చెప్పే కాగితంలో అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంది అత్తగారు. "మూత బయటికి పెట్టు, దుమ్ము పడకుండా. గాజు మన వైపు ఉండాలి, కళ్ళజోడులా."

కోడలికీ అదే సబబుగా తోచింది. రెండు ముక్కల్నీ చెరోవైపు నుంచి దూర్చి, మరలు బిగించి, బయటి మూత పక్కకి జరిపి లోపలికి వచ్చింది. మొదట అత్తగారే కన్ను పెట్టి చూసింది.

"ఏమే, ఎదురింటి తలుపు చీమ తలకాయంత ఉందే!"

"అంతా ఇమడాలంటే చిన్నగానే కనబడుతుంది మరి. ఇకనుంచి చూడందే తలుపు తీయకండి. లోపల ఆడవాళ్ళం ఇద్దరమే ఉన్నామని ఎవరికీ తెలియనివ్వకండి."

"తెలియనిస్తానా! అంత అమాయకురాలిలా కనబడుతున్నానా?"

కోడలు జవాబు చెప్పే లోపే బెల్లు మోగింది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కోడలు వేళ్ళ మీద నడిచి వెళ్ళి, వంగి చూసింది. మనిషో మానో తెలియని మసక మరక కదులుతోంది.

"ఎవరది?"

చూస్తూండగానే ఆ మరక కూడా మాయమై, అంతా చీకటైపోయింది. కోడలు గభాల్న వెనక్కి జరిగింది.

"అత్తయ్యా, వాడెవడో అడ్డంగా ఏదో పెట్టేశాడు," అంది గుసగుసగా. "మంచివాడైతే అలా ఎందుకు చేస్తాడు?"

తలుపు పిడి మెల్లగా కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది. గడియ వేసే ఉంది కాబట్టి సరిపోయింది.

కోడలు డ్రిల్లు మిషను అందుకుని తుపాకీలా తలుపుకేసి గురిపెట్టింది. గట్టిగా అరిచింది.

"ఏవండీ! లేవండి, ఎవరో వచ్చారు! అయ్యో మావయ్యగారూ, మీరెందుకు లేచారు? మీ అబ్బాయి చూస్తారు, మీరు కూర్చోండి!"

ఎప్పుడో పోయిన మొగుడు ఎక్కణ్ణుంచి లేచాడా అని అత్తగారు బిత్తరపోయి చూసింది. కోడలు కళ్ళతో సైగ చేశాక అర్థమైంది. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఇల్లదిరేలా మగగొంతుతో దగ్గి, "ఎవడ్రా అది?" అని గర్జించింది.

తలుపు పిడి మళ్ళీ కదల్లేదు. కోడలు గెలిచినట్టు అత్తగారి చెయ్యి నొక్కింది.

తలుపు అవతల ఎవరో తాపీగా నవ్వారు.

"మీ మావయ్యగారికి పచ్చచీర బాగానే నప్పిందమ్మా. కన్ను మాత్రం తిరగేసి బిగించారు. లోపల మీరిద్దరే కదా?"